మరమనిషికి చీరెందుకు?

2023 జులైలో మన పొరుగునున్న ఒడిశాలో ఓ టీవీ చానల్ కొత్త యాంకరమ్మను తెరమీదికి తెచ్చింది. పేరు లీసా. చేనేత చీర కట్టుకుని ఒడియాలోనూ, ఇంగ్లీషులోనూ గడగడా వార్తలు చదివేసింది. లీసాకి జీతం అక్కర్లేదు. నైట్ డ్యూటీ అంటే మొహం ముడవదు. పెళ్లయితే మానేస్తుందేమోనన్న బెంగ యజమానికి లేదు. ప్రసూతి సెలవు ఊసే ఎత్తదు. ఎందుకంటే లీసా మనిషి కాదు, కంప్యూటర్ అల్లిన బొమ్మ.

ఇచ్ఛాపురం దాటితే ఒడిశాయే గనుక మా టెక్కలి, పలాస వైపు ఆ బొమ్మ గురించి బాగానే మాట్లాడుకున్నారు. ఉద్యోగాలు పోతాయా అని కొందరు, ఇంతకీ అచ్చం మనిషిలాగే ఉందే అని కొందరు. రెండూ సబబైన మాటలే. నాకు మాత్రం అంతకంటే ముందు ఇంకో చిన్న సందేహం వచ్చింది. వార్తలు చదవడానికి గొంతు కావాలి, సరే. ముఖం కావాలి, అదీ సరే. మరి చీరెందుకు? ఒళ్లే లేని దానికి ఆడ ఒళ్లు ఎవరిచ్చారు? ఎందుకిచ్చారు?

ఇదేదో కాలేజీ కుర్రాళ్ల సైన్స్ ఫిక్షన్ గోల, మనకెందుకులే అని పేజీ తిప్పేయకండి. కాస్త ఓపిక పట్టి చదవండి. మరమనిషి కథల్లో మన కథే ఉంది.

వెట్టిలోంచి పుట్టిన మాట

'రోబో' అనే మాట వయసు నూరేళ్లు దాటింది. చెక్ దేశపు రచయిత కారెల్ చాపెక్ 1920లో ఒక నాటకం రాశాడు. 1921లో ప్రేగ్ నగరంలో ఆడారు. అందులో ఒక ఫ్యాక్టరీ మనుషుల్లాంటి పనివాళ్లను తయారుచేసి అమ్ముతుంది. వాళ్లకి ఏం పేరు పెట్టాలా అని ఆలోచిస్తుంటే 'రోబోట్' అనమని ఆయన అన్న సలహా ఇచ్చాడట. చెక్ భాషలో 'రోబోటా' అంటే భూస్వామి దగ్గర చేసే వెట్టిచాకిరీ. అంటే రోబో అన్న మాట మొదటి నుంచీ యంత్రం పేరు కాదు, వెట్టి పేరు!

ఆ నాటకంలో హెలెనా అనే యువతి రోబోలకి హక్కులు కావాలని ఫ్యాక్టరీకి వస్తుంది. అక్కడ టైపు కొడుతున్న సుల్లా అనే ఆడ రోబోను చూసి నిజం మనిషే అనుకుంటుంది. తర్వాత, ఆడా మగా అన్న భేదంతో పనిలేని వాటిలో ఆడవాటిని ఎందుకు చేస్తున్నారు అని మేనేజరును అడుగుతుంది. ఆయన చెప్పే జవాబు సారాంశం ఏమిటంటే... గిరాకీ ఉంది, పనిమనుషులుగా, దుకాణాల్లో, టైపు దగ్గర ఆడవాళ్లు ఉండడం జనానికి అలవాటు!

అలవాటు. అంతే. అక్కడ శరీరధర్మం లేదు, శాస్త్రం లేదు. నూరేళ్ల కిందట ఆ రచయిత ఎగతాళిగా రాసిన ఆ ఒక్క మాట ఇవాళ లీసా చీరకి కూడా జవాబు. చెప్పిన పని చేసేది, ఎదురు మాట్లాడనిది, నవ్వుతూ ఉండేది ఎవరు అంటే మన ఊహకి ముందు ఆడదే తడుతుంది. ఫోన్లలో, ఇళ్లలో చెప్పింది చేసే యంత్రాలకి అన్నిచోట్లా ఆడగొంతే పెట్టడం మీద యునెస్కో 2019లో ఏకంగా ఒక నివేదికే వేసి తప్పుపట్టింది. ఆడపిల్లంటే అణగి ఉండేది అన్న పాఠం యంత్రం ద్వారా పసిపిల్లల చెవికి మళ్లీ ఎక్కుతోందని దాని బాధ.

చిట్టి సైన్యానికి, నిలా సాయానికి

మన సినిమాలు చూడండి. 2010లో శంకర్ తీసిన 'రోబో' తెలుగునాట కూడా ఎంత ఆడిందో మీకు తెలుసు. అందులో చిట్టి మగ రోబో. దేశ సైన్యం కోసం తయారైనవాడు. 2018లో వచ్చిన '2.0'లో నిలా ఆడ రోబో. సైంటిస్టుకి సాయం చేయడం కోసం తయారైంది. దాని పేరును ఇంగ్లీషు అక్షరాలుగా విడదీస్తే మంచిది, తెలివైనది, ముచ్చటైనది అయిన అసిస్టెంటు అని వస్తుంది. రెండూ ఇనుమే. ఒకటి యుద్ధానికి, ఒకటి టీ కప్పు పక్కన నిలబడడానికి.

'రోబో' సినిమాలో ఒక ఘట్టం నేను ఇప్పటికీ మరిచిపోలేను. మంటల్లో చిక్కుకున్న ఇళ్లలోంచి చిట్టి అందర్నీ మోసుకొస్తాడు. స్నానం చేస్తున్న ఓ అమ్మాయిని ఉన్నది ఉన్నట్టుగా బయటికి తెస్తాడు. చుట్టూ జనం, కెమెరాలు. ఆ పిల్ల సిగ్గుతో చితికిపోయి రోడ్డు మీదికి పరుగుతీసి వాహనం కింద పడి చచ్చిపోతుంది. మరమనిషికి మానం విలువ తెలియదు పాపం అని సినిమా తేల్చేస్తుంది. రోబోకి తెలియదు, ఒప్పుకుందాం. మరి కెమెరాలు పట్టుకున్న మనుషులకి తెలియదా? ప్రాణం కాపాడిన యంత్రం దోషి అయింది. కళ్లప్పగించి చూసిన గుంపు మీద మాత్రం ఈగ కూడా వాలలేదు.

అదే సినిమా చివర్లో కోర్టు వస్తుంది. చిట్టి తన కళ్లతో రికార్డు చేసినదే సాక్ష్యమై అసలు దోషి ఎవరో తేలుతుంది. సైంటిస్టు బయటపడతాడు. చిట్టిని మాత్రం విడగొట్టెయ్యమని తీర్పు. అంటే చిట్టి సాక్ష్యానికి పనికొచ్చాడు, శిక్షకీ పనికొచ్చాడు. హక్కుకి మాత్రం పనికిరాలేదు. ఈ వరస ఎక్కడో విన్నట్టు లేదూ? ఇంటి పరువుకి బాధ్యత ఆమెది, తప్పు జరిగితే శిక్ష ఆమెకి, ఆస్తి పంపకాల దగ్గర మాత్రం నువ్వు లోపలికెళ్లు అనడం మన ఇళ్లలో ఎన్ని తరాలుగా వింటున్నాం!

సినిమాలే కాదు. మన ఇస్రో 2020 జనవరిలో వ్యోమమిత్ర అనే మరబొమ్మను చూపించింది. గగన్‌యాన్‌లో మనుషుల్ని పంపే ముందు, మనుషుల్లేని నౌకలో దీన్ని పంపి పరీక్షించాలన్నది సంకల్పం. ఆడ రూపం, ఆడ పేరు. బాగుంది. 2024 ఫిబ్రవరిలో ఆ యాత్రకి ఎంపికైన నలుగురు వ్యోమగాముల పేర్లు ప్రకటించారు. నలుగురూ మగవాళ్లే. యుద్ధవిమానాల టెస్ట్ పైలట్లలోంచి ఏరారు గనుక అలా అయింది అంటారు. కారణం ఉండొచ్చు. కానీ దారి భద్రమో కాదో ముందు వెళ్లి చూసిరావడానికి ఆడ బొమ్మ, తర్వాత ప్రయాణానికి మగ మనిషి అన్న వరస మాత్రం మనకి కొత్తది కాదు కదా!

రాముడు వచ్చాడు, సీత వచ్చింది, బండి వచ్చింది

ఈ సంగతి నిజానికి మన భాషలోనే దాగి ఉంది. రాముడు 'వచ్చాడు' అంటాం. బండి 'వచ్చింది' అంటాం. మరి సీత? సీత కూడా 'వచ్చింది'. క్రియ దగ్గరకొచ్చేసరికి సీతా, బండీ ఒకే గాటన కట్టబడ్డాయి. చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణంలో మగవాళ్ల పేర్లు మహత్తులు. ఆడవాళ్లవి మహతీ వాచకాలు. ఒక్కరుగా ఉంటే ఆ మహతికి పశువుకీ, వస్తువుకీ వాడే రూపమే. బహువచనంలో మాత్రం 'వచ్చారు' అని మనుషుల్లో కలుస్తుంది. బళ్లు ఎన్నయినా 'వచ్చాయి' అనే.

దీన్ని పట్టుకుని చిన్నయసూరి మీద కోపగించుకోవడం నా ఉద్దేశం కాదు. ఆయన జనం మాట్లాడేదాన్నే సూత్రం కట్టాడు. కానీ గమనించండి. చిట్టి ఇనపముక్క అయినా తెలుగు ప్రేక్షకుడు ఒక్క క్షణం తడుముకోకుండా 'చిట్టి వచ్చాడు' అనేశాడు. మగ రూపం ఉంటే చాలు, యంత్రానికి కూడా మహత్తు అయ్యే యోగ్యత దక్కింది. నవమాసాలు మోసి కన్న తల్లి మాత్రం ఇంకా బండి పక్కనే నిలబడి ఉంది!

ఒళ్లు చూసి ఇచ్చిందా చట్టం?

రోబోలకి హక్కులా, విడ్డూరం కాకపోతే! అని నవ్వే ముందు చట్టం ఎవరెవర్ని మనిషిగా లెక్కేసిందో ఓసారి చూద్దాం. కంపెనీకి కాళ్లూ చేతులూ లేవు. అయినా చట్టం దృష్టిలో అది ఒక వ్యక్తి. ఆస్తి కొంటుంది, అమ్ముతుంది, కేసు వేస్తుంది. మన శ్రీకూర్మం కూర్మనాథుడి పేర, అరసవల్లి సూర్యనారాయణస్వామి పేర భూమి ఉండొచ్చు. దేవుడూ చట్టం ముందు వ్యక్తే. 1925లో కలకత్తాకి చెందిన ఒక కేసులో లండన్ ప్రీవీ కౌన్సిల్ ఏమందో తెలుసా? విగ్రహం ఇష్టం వచ్చినట్టు అటూ ఇటూ మార్చే సామాను కాదు, ఎక్కడుండాలన్న దానిమీద దేవుడి ఇష్టాన్ని కూడా ఒక ప్రతినిధి ద్వారా వినాలి అంది.

భక్తురాలిగా నాకు సంతోషమే. కానీ ఆడదానిగా ఒక లెక్క వేసుకుంటాను. దేవుడు ఏ ఇంట ఉండాలన్నది ఆయన్నే అడగాలని 1925లోనే తేలింది. భార్య ఏ ఇంట ఉండాలన్నదో? కాపురానికి రమ్మని భర్త కోర్టుకెక్కి డిక్రీ తెచ్చుకునే సెక్షను ఆమె శరీరం మీద ఆమెకున్న అధికారాన్ని కాలరాస్తుందని 1983లో సరిత కేసులో మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు జస్టిస్ పి.ఎ. చౌదరి దాన్ని కొట్టేశారు. ఎంత గొప్ప తీర్పు! ఆ మరుసటి ఏడాదే, 1984లో సుప్రీంకోర్టు ఇంకో కేసులో ఆ అభిప్రాయం సరికాదంది. ఇక ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా పుట్టుకతో హక్కు మన రాష్ట్రంలో 1985 సెప్టెంబర్ నుంచి వచ్చింది. అదీ అప్పటికి పెళ్లికాని వాళ్లకే. దేశమంతటికీ 2005 దాకా రాలేదు.

విగ్రహానికి ముందు, కూతురికి తర్వాత. కంపెనీకి ముందు, కోడలికి తర్వాత. అంటే చట్టం హక్కు ఇచ్చేది ఒంట్లో రక్తం ఉందా లేదా అని చూసి కాదు. ఎవరి వెనక ఎవరున్నారో చూసి! 2017 అక్టోబర్‌లో సౌదీ అరేబియా సోఫియా అనే ఆడ రోబోకి పౌరసత్వం ఇస్తున్నట్టు ప్రకటించింది. తల మీద ముసుగు లేకుండా, పక్కన మగదిక్కు లేకుండా సభలో నిలబడి మాట్లాడింది ఆ బొమ్మ. అప్పటికి ఆ దేశపు ఆడవాళ్లకి కారు నడిపే హక్కు ఇంకా అమల్లోకి రాలేదు. 2018 జూన్‌లో వచ్చింది. బొమ్మ ముందు, మనిషి తర్వాత. సోఫియాకి ఇవ్వడంలో నష్టం లేదు మరి. ఇచ్చిన హక్కును అది వాడుకోదు కదా!

ఏలు పడకపోతే...

సరే, సౌదీ దూరం. మన పలాసకి వద్దాం.

పలాస, కాశీబుగ్గల్లో జీడి పరిశ్రమ ఎంతమంది ఆడవాళ్లకి తిండి పెడుతోందో ఈ జిల్లాలో అందరికీ తెలుసు. పిక్కని ఆవిరికి ఉడికించి, కొట్టి, పప్పు బయటికి తీసి, ఆరబెట్టి, పొట్టు ఒలిచి, గుండ్రంగా ఉన్నది, బద్ద, ముక్క అని వేరుచేయాలి. పిక్క పెంకులో ఉండే జీడి ఒంటికి తగిలితే పొక్కుతుంది, చర్మం నల్లబడి ఊడుతుంది. బూడిదో, ఆముదమో చేతికి పూసుకుని ఏళ్ల తరబడి ఆ పని చేసిన ఆడవాళ్ల వేళ్లు చూశారా? గీతలుండవు. నున్నగా అరిగిపోయి ఉంటాయి.

ఆ వేలే రేషన్ దుకాణంలో మిషను మీద పెట్టాలి. బ్యాంకు మిత్ర దగ్గర పెట్టాలి. పెట్టి తీసి, తుడిచి మళ్లీ పెట్టి, ఇంకో వేలు పెట్టి... "ఏలు పడ్డం లేదు, రేపు రా" అంటారు. రేపు అంటే ఒక రోజు కూలి. నాకు తెలిసిన ఒకావిడ ఇరవై ఏళ్లకు పైగా పిక్కలు కొట్టింది. ఆమె అన్న మాట వినండి: "నా ఏలు నన్నే ఎరగనంతే నానేటి సేసీదమ్మా?"

ఇంతకంటే పెద్ద సైన్స్ ఫిక్షన్ కథ ఎవరు రాయగలరు! ఒక యంత్రం ఎదుట నిలబడి, నేను నేనే అని ఒక మనిషి రుజువు చేసుకోవాలి. యంత్రం కాదంటుంది. యంత్రం మాటే చెల్లుతుంది. ఆమెను ఎరిగిన ఊరంతా పక్కనే ఉన్నా పనికిరాదు. రోబోకి హక్కులుండాలా అని పెద్దవాళ్లు చర్చిస్తున్నారు గానీ, మనిషిని మనిషి అవునో కాదో తేల్చే అధికారం యంత్రానికి మనం ఎప్పుడో ఇచ్చేశాం.

ఇప్పుడు పిక్క కొట్టడానికీ, పొట్టు ఒలవడానికీ, రంగు చూసి పప్పు ఏరడానికీ కూడా యంత్రాలు వచ్చాయి. మంచిదే. చేతులు పొక్కే పని యంత్రం చేస్తే నాకు చాలా ఇష్టం. కానీ నేను చూసిన చోట్ల మిషను మీట దగ్గర మగవాడు నిలబడ్డాడు, మిషను వదిలేసిన పొట్టు దగ్గర ఆడది కూచుంది. ఆడవాళ్ల పని యంత్రం నేర్చుకుంది. యంత్రం పని ఆడవాళ్లకి నేర్పడానికి మాత్రం ఎవరికీ తీరిక దొరకలేదు.

సగం మనిషి, సగం మిషను?

ఉద్దానం పేరు చెబితే ఒకప్పుడు కొబ్బరి, జీడి, పనస గుర్తొచ్చేవి. ఇవాళ కిడ్నీ జబ్బు గుర్తొస్తోంది. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు... ఈ పల్లెల్లో డయాలసిస్ అన్న మాట చదువురాని ముసలమ్మకి కూడా తెలుసు. 2023 డిసెంబర్‌లో పలాసలో కిడ్నీ రోగుల కోసమే పెద్ద ఆసుపత్రి, పరిశోధన కేంద్రం తెరిచారు.

ఒంట్లో పనిచేయని అవయవం పనిని బయట ఉన్న యంత్రం చేస్తుంది. సాధారణంగా వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగేసి గంటలు. నెత్తురు గొట్టంలోంచి మిషన్లోకి వెళ్లి శుభ్రపడి తిరిగి వస్తుంది. సగం మనిషి, సగం యంత్రం అయిన శరీరాల గురించి డోనా హారవే అనే అమెరికన్ స్త్రీవాద పండితురాలు 1985లోనే రాసింది. మనిషి ఎక్కడ ముగిసి యంత్రం ఎక్కడ మొదలవుతుందో గీత గీయలేం, గీయనక్కర్లేదు అన్నది ఆవిడ వాదం. అమెరికాలో అది పుస్తకంలోని ఊహ. ఉద్దానంలో అది సోమ, బుధ, శుక్రవారాల దినచర్య.

నాకు పెద్దమ్మ కూతురు ఒకామె ఇలా మిషను మీద ఆధారపడి ఉంది. సూదులు గుచ్చడానికి వీలుగా ఎడమ చేతిలో రక్తనాళాలు కలిపి ఫిస్టులా పెట్టారు. ఆ చేతికి బిగుతుగా ఏదీ ఉండకూడదు, బరువు ఎత్తకూడదు. గాజులు తీయించేశారు. మొగుడుండగా బోసి చెయ్యేటని అత్తగారు ఏడ్చింది. నీళ్ల బిందె ఎత్తలేని కోడలు కోడలేనా అని ఇరుగుపొరుగు గుసగుస. జబ్బు పడిన మగవాణ్ని "పాపం, మనిషి చిక్కిపోయాడు" అన్నవాళ్లే, ఈమెని "ఇంక ఆ గుంట దేనికీ పనికిరాదు" అన్నారు. మా అప్ప మాత్రం నవ్వుతూ అంది: "మిషను లేకపోతే నాను లేను సెల్లీ, నిజమే. ఐతే నాను మిషన్ని కాదు గదా!"

గాజులు, బిందె, బిడ్డ... వీటితోనే ఆడతనాన్ని కొలిచేవాళ్లకి ఆ మాట చెంపపెట్టు.

నేనెవర్నో నన్నడగండి

ఈ మాటే 1944లో సి.ఎల్. మూర్ అనే అమెరికన్ రచయిత్రి కథగా రాసింది. పేరు చూసి మగరచయిత అనుకున్నవాళ్లు చాలామంది. అందులో డెర్డ్రా అనే నాట్యకత్తె అగ్నిప్రమాదంలో కాలిపోతుంది. మెదడు మాత్రం దక్కితే దాన్ని బంగారు రంగు లోహపు ఒంట్లో పెడతారు. ఆమెను తయారుచేసిన శాస్త్రవేత్త, ఆమె మేనేజరు ఇద్దరూ కూచుని ఈమె ఇంకా మనిషేనా, ఇంకా ఆడదేనా అని తెగ మథనపడతారు. ఆమె మాత్రం నేను నేనే అంటుంది. మళ్లీ రంగస్థలం ఎక్కి ఆడతానంటుంది. ఆమె ఎవరో తేల్చే పని ఆ ఇద్దరు మగవాళ్లకి ఎవరప్పగించారు?

1990లో అమెరికా టీవీలో 'స్టార్ ట్రెక్' సీరియల్లో ఇంకో కథ వచ్చింది. డేటా అనే మరమనిషి తనకో బిడ్డను తయారుచేసుకుంటాడు. పేరు లాల్. ఆడా మగా ఏ ఆనవాలూ లేకుండా చేసి, నీకేది కావాలో నువ్వే ఎంచుకో అంటాడు. ఆ బిడ్డ చూసి, ఆలోచించి, అమ్మాయిగా ఉంటానంటుంది. తండ్రి సరేనంటాడు. అంతే! కథలో యంత్రం చూపిన ఈ పాటి మర్యాద మన సమాజం చూపడానికి ఎంతకాలం పట్టిందో చూడండి.

పలాస స్టేషను మీదుగా రైళ్లలో తిరిగే ట్రాన్స్‌జెండర్ స్త్రీలను మనం రోజూ చూస్తాం. చిల్లర ఇచ్చి మొహం తిప్పుకుంటాం. నిజాం రాజ్యంలో 1919లో చేసిన చట్టం వాళ్ల పేర్లను నేరస్తుల్లాగా రిజిస్టరులో ఎక్కించమంది, ఆడ దుస్తుల్లో వీధిలో కనిపిస్తే వారంటు లేకుండా అరెస్టు చెయ్యమంది. దాన్ని తెలంగాణ హైకోర్టు కొట్టేసింది ఎప్పుడో కాదు, 2023లో! తన లింగం ఏదో తేల్చుకునే హక్కు ఎవరిది వారిదేనని సుప్రీంకోర్టు 2014 ఏప్రిల్ 15న చెప్పింది. కానీ 2019లో పార్లమెంటు చేసిన చట్టం మళ్లీ కలెక్టరు సర్టిఫికెట్ అడిగింది. స్త్రీ అనో పురుషుడనో రాయించుకోవాలంటే ఆపరేషన్ కాగితం చూపమంది. మళ్లీ ఒళ్లు చూపించాలి, మళ్లీ రుజువు కావాలి. ఏలు పడని పలాస అమ్మకీ, ఈమెకీ తేడా ఏముంది?

2025 జూన్‌లో మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో ఒక కేసు వచ్చింది. పెళ్లి చేసుకుని వేధింపులు పడ్డానన్న ఒక ట్రాన్స్‌జెండర్ స్త్రీ 498ఎ కింద ఫిర్యాదు చేస్తే, పిల్లల్ని కనలేని ఆమె పూర్తి అర్థంలో స్త్రీ కాదు, ఆ సెక్షను ఆమెకి వర్తించదు అని అవతలి పక్షం వాదించింది. జస్టిస్ వెంకట జ్యోతిర్మయి ప్రతాప ఆ వాదన ఒప్పుకోలేదు. బిడ్డను కనే శక్తితో స్త్రీత్వాన్ని కొలవడం రాజ్యాంగానికి విరుద్ధమన్నారు. ఆధారాలు చాలవని ఆ కేసును కొట్టేసినా, ఆ సూత్రం మాత్రం నిలబెట్టారు.

ఈ తీర్పు ట్రాన్స్‌జెండర్ల కోసం మాత్రమే అనుకుంటే పొరపాటు. గొడ్రాలని శుభకార్యాలకి పిలవని ప్రతి ఇల్లాలి కోసం అది. గర్భసంచి తీయించుకున్న ప్రతి కూలి తల్లి కోసం అది. బోసి చేతి మా అప్ప కోసం అది.

అయితే రోబోలకి హక్కులివ్వాలా?

మనుషులకే దిక్కులేదు, మరబొమ్మలకా అని మీరు అడగొచ్చు. నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ఇవాళ్టి యంత్రాలకి హక్కులు అక్కర్లేదు. వాటికి నొప్పి లేదు, ఆకలి లేదు. 2017లో ఐరోపా పార్లమెంటు రోబోలకి 'ఎలక్ట్రానిక్ వ్యక్తి' హోదా సంగతి పరిశీలించమంటే నిపుణులు చాలామంది వద్దన్నారు. యంత్రం వల్ల నష్టం జరిగితే 'తప్పు దానిది, మాది కాదు' అని తయారీదారు చేతులు దులిపేసుకుంటాడన్నది వాళ్ల భయం. నిజమే. చిట్టికి శిక్ష వేస్తే కెమెరా పట్టుకున్నవాడు తప్పించుకున్నట్టే.

కానీ ఆ కథలు మాత్రం కావాలి. అసిమోవ్ 1976లో రాసిన 'బైసెంటెనియల్ మ్యాన్' కథలో ఆండ్రూ అనే ఇంటిపని రోబో స్వేచ్ఛ కోసం కోర్టుకెక్కుతాడు. చివరికి చావడానికి ఒప్పుకున్నాకే లోకం అతన్ని మనిషి అంటుంది. దానికి రెండు వందల ఏళ్లు పడుతుంది. అది చదివి కన్నీళ్లు పెట్టుకున్నవాళ్లు ఎందరో. పెట్టుకోవాలి కూడా. అయితే ఆ కళ్లు తుడుచుకున్నాక ఒక్కసారి వంటింటి వైపు తిరిగి చూడాలి. అక్కడ స్వేచ్ఛ అడగకుండా పనిచేస్తున్న మనిషి ఎవరు?

అందుకని నాకు తోచిన నాలుగు మాటలు. యంత్రం చేసేవాళ్లు దానికి అవసరం లేని ఆడ ఒళ్లు తగిలించడం మానాలి. అది చేసే తప్పుకి దాని యజమాని పూచీ పడాలి. వేలు పడని చోట కంటిపాపతో చూడాలి, అదీ కుదరకపోతే మనిషి మాట నమ్మి సరుకు ఇవ్వాలి. సరుకు ఆపే అధికారం మిషనుకి ఉండకూడదు. జీడి యూనిట్లలో కొత్త యంత్రం వస్తే దాన్ని నడిపే శిక్షణ ముందు పాత పనివాళ్లయిన ఆడవాళ్లకే ఇవ్వాలి. ఎవరు ఆడ, ఎవరు మగ, ఎవరు రెండూ కాదు అన్నది వాళ్లనే అడగాలి, వాళ్లు చెప్పిందే రాసుకోవాలి.

కథలు రాసే చెల్లెళ్లకి ఇంకో మాట. సైన్స్ ఫిక్షన్ అంటే అమెరికా ఆకాశమే కానక్కర్లేదు. మిషనుతో నెత్తురు పంచుకునే ఉద్దానం ఉంది. వేలిగీతలు అరిగిన పలాస ఉంది. రాయండి.

మన వ్యాకరణం మనకి ఒక దారి కూడా చూపించింది. ఒక్కతిగా ఉంటే బండితో సమానం చేసిన ఆ భాషే, నలుగురు కలిస్తే మనుషుల్లో కలుపుతుంది. పిక్క కొట్టే అమ్మ, మిషను మీది అక్క, రైల్లో ఎదురైన ఆ చెల్లి, నువ్వు, నేను... కలిసి కదిలితే ఎవరూ 'వచ్చింది' అనలేరు. 'వచ్చారు' అనే తీరాలి.